గెట్టో నాణేల్లో అసలును, నకిలీని వేరుచేయడం: లోడ్జ్ టోకెన్ల పరీక్షకు సమగ్ర మార్గదర్శి

రెండో ప్రపంచయుద్ధ కాలంలో పోలండ్‌లోని లోడ్జ్ నగరంలో నాజీ జర్మనీ నడిపిన యూదుల గెట్టోకు, అంటే యూదులను బలవంతంగా బంధించి ఉంచిన పేటకు, సొంత నాణేలు, సొంత నోట్లు ఉండేవి. ఆ నాణేలు ఇప్పుడు ఆన్‌లైన్ వేలాల్లో, విదేశీ నాణేల ప్రదర్శనల్లో విరివిగా కనిపిస్తున్నాయి. అమ్మకానికి వచ్చే వాటిలో నకిలీలు చాలా ఎక్కువ. మామూలు నాణెం నకిలీదని తేలితే కొన్నవాడి డబ్బు పోతుంది, అంతటితో ఆ సంగతి ముగుస్తుంది. గెట్టో నాణెం అలా కాదు. అది హత్యకు గురైన మనుషుల చేతుల్లో తిరిగిన వస్తువు, ఒక నేరానికి మిగిలిన భౌతిక సాక్ష్యం. నకిలీ బిళ్లలు ఆ సాక్ష్యంతో కలిసిపోయినకొద్దీ హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల సామూహిక హత్యాకాండ) జరగలేదని వాదించేవారికి పని సులువవుతుంది. అందుకే వీటిని సేకరించదలచినవారు కొనడానికి ముందు పరీక్షించడం నేర్చుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఇక్కడ చెప్పే పరీక్షలను ఒక క్రమంలో పెట్టాను. ముందున్నవాటికి ఖర్చు లేదు, నాణేనికి హానీ లేదు. చాలా నకిలీలు మొదటి రెండు మెట్లలోనే బయటపడతాయి కాబట్టి ఆ క్రమాన్ని తప్పకుండా పాటించడం మంచిది.

ముందుగా కొంత చరిత్ర

జర్మన్ సైన్యం 1939 సెప్టెంబరులో లోడ్జ్‌ను ఆక్రమించింది. 1940 ఏప్రిల్‌లో నగరం పేరును లిట్జ్‌మన్‌స్టాట్‌గా మార్చారు. నాణేల మీద లోడ్జ్ అన్న పేరు కాకుండా లిట్జ్‌మన్‌స్టాట్ అని ఉండటానికి కారణం ఇదే. 1940 ఫిబ్రవరిలో గెట్టోను ప్రకటించి, ఏప్రిల్ చివరికల్లా దాని చుట్టూ కంచె బిగించారు. సుమారు నాలుగు చదరపు కిలోమీటర్ల స్థలంలో 1,60,000 మందికి పైగా చిక్కుకుపోయారు. లోపలి పాలనను జర్మన్లు నియమించిన ‘యూదుల పెద్ద’ ఖాయిం రుమ్కోవ్‌స్కీ చూసేవాడు. అతని మీద జర్మన్ గెట్టో పాలనాధికారి హన్స్ బీబో ఉండేవాడు.

గెట్టోలోకి వచ్చినవారు తమ వద్దనున్న జర్మన్ మార్కులను, ఇతర డబ్బును అప్పగించి, బదులుగా గెట్టో రసీదులు పుచ్చుకోవలసి వచ్చింది. కంచె దాటితే ఆ రసీదులకు విలువ లేదు. దొంగచాటుగా బయటినుంచి ఆహారం కొనే దారి మూసుకుపోవడానికి, యూదుల చేతిలో మిగిలిన చివరి ఆస్తి జర్మన్ల వశం కావడానికి ఈ ఏర్పాటు పనికివచ్చింది. నోట్ల మీదా నాణేల మీదా ‘క్విట్టుంగ్’, అంటే రసీదు, అన్న మాటే ముద్రించారు. జనం మాత్రం యూదుల పెద్ద పేరు మీదుగా వాటిని ‘రుమ్కీ’లనేవారు.

మొదట కాగితపు రసీదులే వచ్చాయి. వాటి మీద 1940 మే 15 అన్న తేదీ ఉంటుంది. లోహపు నాణేలు వాటి తరువాత 1942, 1943 సంవత్సరాలతో వచ్చాయి. అప్పటికే గెట్టో నుంచి హెవ్మ్‌నో హత్యాకేంద్రానికి రవాణాలు మొదలయ్యాయి. 1942 సెప్టెంబరులో పిల్లలను, వృద్ధులను, రోగులను కలిపి 15,000 మందికి పైగా ఆ ఒక్క నెలలోనే తీసుకుపోయారు. మిగిలినవారు కర్మాగారాల్లో బానిసల్లా పనిచేస్తూ ఈ నాణేలతోనే తమ రేషన్ కొనుక్కున్నారు. 1944 ఆగస్టులో మిగిలినవారిలో అత్యధికులను ఆష్విట్జ్ హత్యా శిబిరానికి పంపి గెట్టోను ఖాళీ చేశారు. రుమ్కోవ్‌స్కీ కూడా అక్కడే చనిపోయాడు. 1945 జనవరి 19న సోవియట్ సైన్యం నగరంలోకి వచ్చేనాటికి అక్కడ మిగిలిన యూదులు కొన్ని వందల మంది మాత్రమే.

మొదటి మెట్టు: అటువంటి నాణెం అసలు జారీ అయిందా?

పరీక్ష చేతిలో భూతద్దంతో మొదలు కాదు, జాబితాతో మొదలవుతుంది. లోడ్జ్ గెట్టోలో జారీ అయిన లోహపు నాణేలు నాలుగే విలువల్లో ఉన్నాయి: 1942 సంవత్సరంతో 10 పెన్నిగ్ (మార్కులో నూరో వంతు పెన్నిగ్), 1943 సంవత్సరంతో 5 మార్కులు, 10 మార్కులు, 20 మార్కులు. 10 పెన్నిగ్ నాణెంలో రెండు రకాలున్నాయి. మొదటి రకం జర్మన్ రైఖ్ (అప్పటి జర్మన్ ప్రభుత్వం) 10 పెన్నిగ్ నాణేన్ని మరీ పోలి ఉందని అధికారులు అభ్యంతరం చెప్పడంతో దాన్ని ఉపసంహరించి, వేరే నమూనాలో రెండో రకం చేశారు. 10 పెన్నిగ్‌ను మెగ్నీషియం మిశ్రమంతో, 5, 10 మార్కులను కొంత అల్యూమినియంతో, కొంత మెగ్నీషియం మిశ్రమంతో చేశారు. 20 మార్కుల నాణెం అల్యూమినియంలో దొరుకుతుంది. ఈ నాలుగింటిలో ఎక్కువగా దొరికేవి 5, 10 మార్కులు, బాగా అరుదైనది 20 మార్కులు.

ఈ చిన్న జాబితాను గుర్తుంచుకుంటే సగం మోసాలు అక్కడికక్కడే తేలిపోతాయి. 1 మార్కు గెట్టో నాణెమని, 50 పెన్నిగ్ నాణెమని, 1941 నాటి నాణెమని ఎవరైనా చూపిస్తే ముందుకు పోనక్కరలేదు. వెండి, ఇత్తడి, రాగి బిళ్లలు చూపి ‘ప్రత్యేక ముద్రణ’ అని చెప్పినా అంతే. ఆకలితో రోజూ మనుషులు చనిపోతున్న చోట వెండితో చిల్లర పోశారన్న మాటను నమ్మడానికి ఏ ఆధారమూ లేదు. మెగ్నీషియంను, అల్యూమినియంను ఎంచుకోవడానికి కారణం కూడా ఆ కొరతే.

మిగతా గెట్టోల విషయంలో జాబితా ఇంకా చిన్నది. వార్సా గెట్టోకు సొంత నాణేలు లేవు. అక్కడ చెలామణి అయినది ఆక్రమిత పోలండ్‌కు క్రాకోలోని బ్యాంకు జారీచేసిన జ్లోటీ. అందువల్ల ‘వార్సా గెట్టో’ అని చెక్కిన రొట్టె టోకెన్లు, గ్రోష్ (పోలిష్ చిల్లర) బిళ్లలు అన్నీ యుద్ధం తరువాత ఎవరో ఊహించి చేసినవే. బొహీమియాలోని తెరేజియెన్‌స్టాట్‌లో 1943 జనవరి 1 తేదీతో 1 నుంచి 100 క్రోనుల వరకు ఏడు నోట్లు అచ్చయ్యాయి. వాటి మీద పది ఆజ్ఞల పలకలు పట్టుకున్న మోషే బొమ్మ ఉంటుంది. నాణేలు మాత్రం చేయలేదు. ఆష్విట్జ్ వంటి పేర్లు చెక్కిన లోహపు ‘డబ్బు’ కూడా ఇదే కోవకు చెందుతుంది. నిర్బంధ శిబిరాల్లో ఇచ్చినవి చాలావరకు కాగితపు చీటీలే.

అసలును చూసి చేసిన నకలు వేరు, ఎన్నడూ లేని నాణేన్ని కల్పించడం వేరు. తెలుగు సేకరణకర్తలకు ఈ రెండో తరహా కొత్తేమీ కాదు. ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 వంటి పాత సంవత్సరం వేసి, సీతారాముల పట్టాభిషేకమో హనుమంతుడో చెక్కిన రాగి బిళ్లలను అంతులేని ధరలకు అమ్మజూపేవారిని మన ప్రతి ఊళ్లోనూ చూస్తున్నాం. కంపెనీ అటువంటి నాణేలు ముద్రించనే లేదు. కల్పిత బిళ్లను అచ్చుదిమ్మలు సరిపోల్చి పట్టుకోలేం, ఎందుకంటే సరిపోల్చడానికి అసలు అనేదే లేదు. దాన్ని పట్టుకోగలిగేది జాబితా ఒక్కటే.

జాబితాతో పాటే అక్షరాలనూ చూడాలి. లోడ్జ్ మార్కు నాణేల మీద ఒకవైపు దావీదు నక్షత్రం, ‘గెట్టో’ అన్న మాట, 1943 సంవత్సరం ఉంటాయి. రెండోవైపు ‘క్విట్టుంగ్ యూబర్’ అన్న మాటలతో విలువ, లిట్జ్‌మన్‌స్టాట్ యూదుల పెద్ద అన్న అర్థమిచ్చే జర్మన్ వాక్యం ఉంటాయి. వీటి మీద గెట్టో అన్న మాటలో జి తరువాత హెచ్ అక్షరం ఉండదు. ఇంగ్లీషు పద్ధతిలో హెచ్ చేర్చి రాసిన లోడ్జ్ బిళ్ల కనిపిస్తే అది తెలియనివారు చేసిన పని అని వెంటనే అనుమానించాలి.

రెండో మెట్టు: కొలత, తూకం

దీనికి కావలసినవి రెండే: 0.01 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ తూకం, ఒక వెర్నియర్ కాలిపర్. వ్యాసాలు సుమారుగా ఇలా ఉంటాయి: 5 మార్కులు 22 నుంచి 23 మి.మీ., 10 మార్కులు 28 మి.మీ., 20 మార్కులు 33 మి.మీ. పైచిలుకు. 10 పెన్నిగ్ 20 మి.మీ.కు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. చేతిపనితో అరకొర యంత్రాల మీద చేసిన నాణేలు కనుక మి.మీ.లో పదో వంతుల తేడాలకు కంగారుపడనక్కరలేదు.

తూకం ఇంతకంటే చాలా గట్టి సాక్షి. అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.70 గ్రాములు, మెగ్నీషియంది 1.74, దాని మిశ్రమాలది 1.8 దరిదాపుల్లో ఉంటుంది. నకిలీల తయారీకి ఎక్కువగా వాడే జింక్ సాంద్రత 7.1, తగరానిది 7.3, ఇత్తడిది 8.5 ప్రాంతంలో, సీసానిది 11.3. ఒక లెక్క వేసి చూద్దాం. 28 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం ఉన్న చదునైన బిళ్ల ఘనపరిమాణం 1.23 ఘన సెంటీమీటర్లు. అది అల్యూమినియమైతే 3.3 గ్రాములు తూగుతుంది, మెగ్నీషియం మిశ్రమమైతే 2.2 గ్రాములు. జింక్ అయితే 8.7 గ్రాములు, తగరమైతే 9 గ్రాములు. నాణెం గట్టు కంటే లోపలి తలం పల్లంగా ఉంటుంది కాబట్టి నిజమైన తూకం ఈ లెక్క కంటే కొంత తగ్గుతుందే గాని పెరగదు. కనుక 10 మార్కుల నాణెం ఏడెనిమిది గ్రాములు తూగుతోందంటే దాని మీద నగిషీ ఎంత అందంగా ఉన్నా, వెంట ఎన్ని కాగితాలున్నా అది గెట్టో నాణెం కాదు.

ఇదే లెక్క మరొక పనికి కూడా వస్తుంది. అల్యూమినియం నాణేన్ని మరింత అరుదైన మెగ్నీషియం రకమని చెప్పి ఎక్కువ ధరకు అమ్మేవారున్నారు. రెండింటి కొలతలూ ఒకటే అయితే మెగ్నీషియం రకం అల్యూమినియం రకంలో మూడింట రెండొంతులే తూగాలి. అరచేతిలో పెట్టుకున్నప్పుడు మెగ్నీషియం నాణెం అట్టముక్కలా తేలికగా అనిపిస్తుంది. మొదటిసారి పట్టుకున్నవారు అదేదో బొమ్మ నాణెమని పొరబడటం సహజం. తేలికగా ఉందని ఒకదాన్ని తోసిపుచ్చి, ‘బరువుగా, గట్టిగా’ ఉన్న జింక్ నకిలీని ఎంచుకోవడం కొత్త సేకరణకర్తలు తరచుగా చేసే పొరపాటు.

10 పెన్నిగ్ విషయంలో గుర్తుంచుకోదగిన అంకె ఒకటి ఉంది. అదే కాలపు జర్మన్ రైఖ్ 10 పెన్నిగ్ జింక్ నాణెం 21 మి.మీ. వ్యాసంతో 3.5 గ్రాములు తూగుతుంది. దాదాపు అంతే పరిమాణం ఉన్న గెట్టో 10 పెన్నిగ్ సుమారు ఒక గ్రాము దరిదాపుల్లో ఉండాలి. మూడు గ్రాములు దాటిందంటే అది జింక్ పోత, అంటే కరిగించి అచ్చులో పోసి చేసినది.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు తూకం వేయడం మన చేతిలో ఉండదు కదా అని కొందరంటారు. అడగడం మన చేతిలో ఉంటుంది. నాణెం తూకం మీద ఉండగా, అంకె స్పష్టంగా కనిపించేలా ఫొటో పంపమని అడగాలి. వేల రూపాయల వస్తువు అమ్ముతూ ఆ ఒక్క ఫొటో ఇవ్వనన్నవారి దగ్గర కొనకపోవడమే క్షేమం.

ఈ మెట్టులోనే అయస్కాంతాన్ని కూడా దగ్గరగా పెట్టి చూడాలి. అల్యూమినియం, మెగ్నీషియం రెండూ అయస్కాంతానికి అంటుకోవు. అంటుకుంటే లోపల ఇనుము, నికెల్ వంటి లోహం ఉన్నట్టే. అంటుకోకపోవడం మాత్రం దేనికీ రుజువు కాదు, ఎందుకంటే జింక్, తగరం, సీసం కూడా అంటుకోవు.

మూడో మెట్టు: లోహం మీద పడిన కాలం

ఎనభై ఏళ్లు గడిచిన అల్యూమినియం తళతళలాడదు. గాలి తగలగానే దాని మీద పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడి, ఏళ్లు గడిచేకొద్దీ మసకబారిన బూడిదరంగుకు వస్తుంది. తేమ తగిలిన చోట్ల తెల్లని చుక్కలు కనిపిస్తాయి. మెగ్నీషియం అంతకంటే వేగంగా పాడవుతుంది. అది ముదురు బూడిదరంగుకు తిరిగి, పొడి పొడిగా తెల్లని పూత పట్టి, సూది గుచ్చినట్టు గుంటలు పడుతుంది. నేలలో పడి ఉండి దొరికిన మెగ్నీషియం నాణేల అంచులు చెదలు తిన్నట్టు విరిగి ఉంటాయి. ఈ గుంటలు క్రమం లేకుండా, కొన్నిచోట్ల లోతుగా, కొన్నిచోట్ల లేకుండా ఉండటమే సహజం.

నకిలీల మీద పాతదనాన్ని పూస్తారు. నల్లరంగును గాని రసాయనాన్ని గాని మొత్తం మీద రాసి, ఉబ్బెత్తు భాగాలను తుడిచేస్తారు. దాంతో అక్షరాలన్నీ ఒకే తీరుగా మెరుస్తూ, పల్లాలన్నీ ఒకే తీరుగా నల్లగా ఉంటాయి. నిజమైన వాడకంలో అరుగుదల అలా రాదు. ముందుగా అరిగేవి గట్టు, నక్షత్రపు కొసలు, ఎత్తైన అంకెలు. అక్షరాల మధ్యనున్న సందుల్లోకి వేలు పోదు కాబట్టి అక్కడ మొదటి ముద్రణ నాటి గరుకుదనం మిగిలి ఉంటుంది. దూది పుల్లను స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి ఒక మూల మెల్లగా ఆనించినప్పుడు నల్లరంగు దూదికి అంటుకుంటే అది కాలం వేసిన రంగు కాదని తెలుస్తుంది. అయితే అమ్మకందారు అనుమతి లేనిదే ఈ పరీక్ష చేయకూడదు, చేసినా రుద్దకూడదు.

నాలుగో మెట్టు: భూతద్దం కింద

పది రెట్లు పెద్దదిగా చూపే, నగల వ్యాపారులు వాడే భూతద్దం చాలు. దీపాన్ని పక్కనుంచి, తక్కువ ఎత్తులో పెట్టి, నాణేన్ని నెమ్మదిగా తిప్పుతూ చూడాలి. ఎక్కువ సమయం వెచ్చించవలసిన మెట్టు ఇదే.

పోత నకిలీని గుర్తుపట్టడానికి ముందుగా అక్షరాల పాదాలను చూడాలి. అచ్చుదిమ్మతో కొట్టిన నాణెంలో అక్షరం లేచే చోట, అంటే అక్షరపు గోడ తలంతో కలిసే మూలలో, గీత పదునుగా ఉంటుంది. పోత నాణెంలో ఆ మూల మైనం కరిగినట్టు గుండ్రంగా ఉంటుంది. ‘యూబర్’లోని యూ అక్షరం మీదున్న రెండు చుక్కలు ఇందుకు మంచి గుర్తు. పోతలో అవి తరచుగా ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, లేదా ఉబ్బిన మచ్చలుగా మిగులుతాయి. తరువాత ఖాళీ తలాన్ని చూడాలి. ద్రవలోహంలో చిక్కుకున్న గాలి బుడగల వల్ల చిన్న గుంతలు, అచ్చులోని బుడగల వల్ల ఆవగింజ కంటే చిన్న మొటిమలు కనిపిస్తాయి. తుప్పు లోహాన్ని తింటుంది కాని పెంచదు. కాబట్టి తలం మీద పైకి లేచిన నున్నని గుండ్రని మొటిమలు గుంపుగా ఉంటే అవి పోతను అనుమానించవలసిన గుర్తు. అచ్చుదిమ్మ తుప్పుపట్టినప్పుడు కూడా నాణెం మీద గరుకైన ఉబ్బులు రావచ్చు. అయితే అదే దిమ్మతో కొట్టిన వేరే నాణేల మీద కూడా అవి అదే చోట కనిపించాలి.

అంచును తప్పనిసరిగా చూడాలి. ఈ నాణేల అంచు సాదాగా ఉంటుంది. నాణేన్ని నిలబెట్టి నెమ్మదిగా దొర్లిస్తూ పరిశీలించినప్పుడు, చుట్టూ మధ్యలో సన్నని గీతలా అతుకు కనిపిస్తే రెండు పలకల అచ్చులో పోసినట్టు. అతుకు కనబడకుండా ఆకురాయి పెట్టి ఉంటే అడ్డంగానో నిలువుగానో సమాంతరమైన గీకుళ్లు కనిపిస్తాయి. లోహం పోసిన ద్వారం ఉన్నచోట కొద్దిగా చదునైన మేర మిగలడం కూడా సాధారణం.

మోసపూరితమైన మరొక సంగతి ఉంది. అసలు నాణెం నుంచి తీసిన అచ్చులో పోస్తే, ఆ అసలు నాణెం మీదున్న గీతలు, దెబ్బలు కూడా నకిలీలోకి వస్తాయి. అందుచేత అనుమానించిన నాణెం మీద ఏదైనా ప్రత్యేకమైన గాటు ఉంటే, ఉదాహరణకు నక్షత్రపు కొస దగ్గర ఏటవాలుగా ఒక గీత ఉంటే, అదే గీత అదే చోట మరో అమ్మకంలోని నాణెం మీద ఉందేమో వెతకాలి. రెండు వేర్వేరు నాణేలకు వాడకంలో ఒకే చోట, ఒకే పొడవున, ఒకే వంపుతో దెబ్బ తగలడం జరగని పని. అలా రెండు దొరికితే కనీసం ఒకటి నకిలీ, బహుశా రెండూ నకిలీలే. ఈ ఒక్క గుర్తు ఇచ్చినంత నమ్మకం ఏ తూకమూ ఇవ్వదు.

ఇక అన్నింటికంటే కష్టమైనవి అల్యూమినియంతో కొత్త దిమ్మలు చేసి కొట్టిన నకిలీలు. వాటి తూకం సరిపోతుంది, లోహం సరిపోతుంది, పోత గుర్తులు ఉండవు. వీటిని పట్టుకోవాలంటే నమ్మకమైన అసలు నాణెం ఫొటోతో అక్షరానికి అక్షరం పోల్చాలి. వాషింగ్టన్‌లోని యునైటెడ్ స్టేట్స్ హోలోకాస్ట్ మెమోరియల్ మ్యూజియం తన సేకరణలోని గెట్టో నాణేల ఫొటోలను ఆన్‌లైన్‌లో ఉంచింది. వాటితో పాటు పేరున్న వేలం సంస్థల పాత అమ్మకాల ఫొటోలు కూడా సమకూర్చుకోవాలి. రెండు ఫొటోలను ఒకే పరిమాణానికి తెచ్చి, ఫోన్‌లోని ఏదైనా బొమ్మలు దిద్దే యాప్‌లో ఒకదాన్ని సగం పారదర్శకంగా చేసి రెండోదాని మీద పరచాలి. నక్షత్రపు కొసలు గట్టుకు ఎంత దూరంలో ఉన్నాయి, సంవత్సరంలోని 4 అంకె కాలు ఎక్కడ ఆగింది, వాక్యం మొదలయ్యే అక్షరం విలువ అంకెకు ఏ కోణంలో ఉంది అన్నవి వరుసగా చూడాలి. కంప్యూటర్ యంత్రంతో చెక్కిన దిమ్మల్లో అక్షరాల కొసలన్నీ ఒకే వ్యాసంతో గుండ్రంగా ఉంటాయి, తలం మీద పనిముట్టు తిరిగిన సన్నని సమాంతర రేఖలు కనిపిస్తాయి. 1943లో చేతితో చెక్కిన దిమ్మ అలా ఉండదు.

అసలు నాణేల ముద్రణ ఏమంత గొప్పగా ఉండదని ఇక్కడ గట్టిగా చెప్పాలి. కేంద్రం కాస్త పక్కకు జరగడం, ఒకవైపు అక్షరాలు తేలిపోవడం, దిమ్మ పగిలిన గీత కనిపించడం వాటిలో మామూలే. ఆ నాణేలు చేసినవారు అరకడుపుతో పనిచేసిన ఖైదీలు. కనుక మొరటుతనాన్ని నకిలీకి గుర్తుగా లెక్కించకూడదు. నిజానికి మరీ నిండుగా, తీరుగా, అన్ని వైపులా సమానంగా ముద్రపడిన నాణేన్నే ఎక్కువ అనుమానంతో చూడవలసి ఉంటుంది.

ఐదో మెట్టు: యంత్ర పరీక్ష

మన ఊళ్లలో బంగారం దుకాణాల వద్ద, హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో ఉండే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం నాణేన్ని గీకకుండానే పై పొరలోని మూలకాలను చెబుతుంది. దాని పరిమితి తెలుసుకుని వాడితే చాలా ఉపయోగం. బంగారానికి అమర్చిన యంత్రాలు మెగ్నీషియం వంటి తేలిక మూలకాలను సరిగా చూడలేవు, వాటి నుంచి వచ్చే బలహీనమైన ఎక్స్ కిరణాలను మధ్యనున్న గాలే పీల్చేస్తుంది. కాబట్టి ‘ఇది మెగ్నీషియమేనా’ అని ఆ యంత్రాన్ని అడిగితే సమాధానం రాదు. ‘ఇందులో జింక్, తగరం, సీసం, రాగి, నికెల్ ప్రధానంగా ఉన్నాయా’ అని అడిగితే క్షణాల్లో చెబుతుంది. వాటిలో ఏదైనా ప్రధాన లోహంగా కనిపిస్తే తీర్పు వచ్చినట్టే. మిశ్రమాల్లో కొద్ది పాళ్లలో జింక్ ఉండటం మాత్రం తప్పు కాదు. యంత్రం చూపే శాతాలను యథాతథంగా నమ్మకూడదు, ఎందుకంటే తనకు కనిపించిన మూలకాల మధ్యనే అది నూరు శాతాన్ని పంచేస్తుంది.

ఎన్‌జీసీ, పీసీజీఎస్ వంటి సంస్థలు పరీక్షించి ప్లాస్టిక్ పెట్టెలో బిగించిన నాణేలు మంచి రక్షణే. కాని ఆ పెట్టెలకు కూడా నకిలీలు వస్తున్నాయి కాబట్టి పెట్టె మీది సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైట్‌లో చూసి, అక్కడున్న ఫొటోలోని నాణెమే మన ముందున్నదా అని సరిచూసుకోవాలి.

కాగితపు రసీదుల గురించి క్లుప్తంగా

నాణేలతో పాటే లోడ్జ్ నోట్లు కూడా కొనేవారుంటారు. 50 పెన్నిగ్, 1, 2, 5, 10, 20, 50 మార్కుల విలువల్లో అవి ఉన్నాయి. ఈ రసీదును దిద్దినా, నకలు చేసినా, నకిలీని చెలామణిలో పెట్టినా కఠిన శిక్ష తప్పదన్న హెచ్చరికను వాటి మీద జర్మన్‌లో అచ్చువేశారు. భూతద్దంతో చూసినప్పుడు గీతలు గీతలుగానే కనిపించాలి. రంగురంగుల చుక్కలుగా విడిపోతే అది ఇంక్‌జెట్ లేదా ఆఫ్‌సెట్ నకలు. చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద కాగితం మొత్తం నీలి తెలుపుగా వెలిగితే, యుద్ధం తరువాత వాడుకలోకి వచ్చిన వెలుగునిచ్చే రసాయనం కలిసిన కాగితమని అర్థం. తెరేజియెన్‌స్టాట్ నోట్లు చాలావరకు వాడకుండానే మిగిలిపోయినందున అసలైనవే అందుబాటు ధరల్లో దొరుకుతాయి. చేతులు మారి బాగా నలిగినట్టున్న నోటుకు ‘గెట్టోలో వాడినది’ అని చెప్పి ఎక్కువ ధర అడిగితే ఆ నలుగుడు ఎప్పటిదో ఆలోచించాలి.

ఆరో మెట్టు: వెంట వచ్చే కథ

నకిలీ గెట్టో నాణేలు ఒంటరిగా రావు, ఒక కథతో వస్తాయి. బతికి బయటపడిన ఒక వృద్ధుని పెట్టెలో దొరికిందనో, పాత ఇంటి గోడలో బయటపడిందనో చెబుతారు. వినేవారి మనసు కరిగేలా చెబుతారు, ప్రశ్నించడమే అమానుషమన్నంతగా చెబుతారు. ఆ బాధ నిజంగా జరిగింది కాబట్టే ఆ కథను అమ్మకానికి పెట్టడం నాకు అన్నిటికంటే హేయంగా కనిపిస్తుంది. కథను గౌరవంగా విని పక్కన పెట్టి, రాతలో ఉన్నదాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి: ఎప్పుడు, ఏ వేలంలో, ఏ సంఖ్య కింద కొన్నారు, బిల్లు ఉందా, పాత జాబితాలోని ఫొటోలో ఉన్నది ఈ నాణెమేనా.

బిల్లు మీద ‘1943 నాటి అసలు నాణెం’ అని రాసి ఇవ్వమని, నకిలీ అని తేలితే వెనక్కు తీసుకునే షరతు చేర్చమని అడగాలి. ప్రకటనలో ‘ఉన్నది ఉన్నట్టుగా’, ‘జ్ఞాపిక’, ‘హామీ లేదు’ వంటి మాటలుంటే అమ్మకందారే తన సందేహాన్ని చెప్పుకున్నట్టు. పోలిష్ ప్రకటనల్లో ‘కోపియా’ అన్న మాట ఉంటే అది నకలని నిజాయితీగా చెప్పినట్టు. అటువంటివే రెండోసారి చేతులు మారేటప్పుడు ఆ మాట మాయమవుతుంది. అమెరికాలో ఉంటూ సేకరించే తెలుగువారు 1973 నాటి హాబీ ప్రొటెక్షన్ చట్టాన్ని గుర్తుంచుకోవాలి. దాని ప్రకారం నాణేల నకళ్ల మీద ‘కాపీ’ అని ముద్ర ఉండి తీరాలి. నాణెం మీద ఒకచోట మాత్రమే తలం గీకినట్టో, నున్నగా అరగదీసినట్టో కనిపిస్తే ఆ ముద్రను చెరిపేశారేమో చూడాలి.

చేయకూడని పరీక్షలు

మెగ్నీషియం మండే లోహం. దాని పొడికి, సన్నని ముక్కలకు నిప్పు తగిలితే కళ్లు చెదిరే తెల్లని మంటతో కాలుతుంది, నీళ్లు పోస్తే మంట ఇంకా పెరుగుతుంది. కాబట్టి నిప్పుతోగాని, ఆకురాయితోగాని పరీక్షించవద్దు. నిమ్మరసం, చింతపండు, వెనిగర్ వంటి పుల్లని పదార్థాలు తగిలితే మెగ్నీషియం బుడగలు వదులుతూ కరిగిపోతుంది. నిజమే, అది మెగ్నీషియమని అలా రుజువవుతుంది, ఆ రుజువుతో పాటు నాణెం కూడా పోతుంది. ఇత్తడి సామాను తోమినట్టు ఈ నాణేలను తోమడం మహాపరాధం. నేల మీద వేసి చప్పుడు వినే పాత అలవాటు కూడా ఇక్కడ పనికిరాదు, తుప్పు తిన్న మెగ్నీషియం పెళుసుగా విరుగుతుంది. నీళ్లలో ముంచి సాంద్రత కట్టే పద్ధతిని అల్యూమినియం నాణేలకే పరిమితం చేసి, వెంటనే పూర్తిగా ఆరబెట్టాలి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి, తేమ ఈ లోహాలకు ప్రధాన శత్రువులు. మెత్తని పీవీసీ కవర్లలో పెట్టకుండా, గట్టి పాలిస్టర్ కవర్లలోనో గాలి చొరబడని ప్లాస్టిక్ గుళికల్లోనో ఉంచి, డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి, వాటిని ఎప్పటికప్పుడు మారుస్తూ ఉండాలి. చేతి చెమటలోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి తొడుగులు వేసుకుని అంచు పట్టుకోవాలి.

నకిలీ అని తేలిన తరువాత

డబ్బు తిరిగి వచ్చే గడువులోపలే అమ్మకందారుకు తూకం ఫొటో, అంచు ఫొటో, పోల్చి చూసిన ఫొటోలు జతచేసి రాతపూర్వకంగా తెలియజేయాలి. వాపసు సాధ్యం కాకపోతే దాన్ని మరొకరికి అమ్మకూడదు, తక్కువ ధరకైనా, నకిలీ అని చెప్పైనా సరే, ఎందుకంటే మూడో చేతికి వెళ్లేసరికి ఆ మాట వెంట రాదు. కవరు మీద ‘నకిలీ’ అని చెరగని సిరాతో రాసి, వ్యాసం, తూకం, లోహం, కనుగొన్న గుర్తులు, కొన్న తేదీ ఒక కాగితం మీద నమోదు చేసి అందులోనే పెట్టాలి. మీ ఊరి నాణేల సంఘంలో ఎవరైనా ఇటువంటిదే కొనబోతున్నప్పుడు పక్కపక్కన పెట్టి చూపడానికి అది పనికివస్తుంది. దాని మీదున్న గాట్లు, మొటిమలు ఏ చోట ఉన్నాయో దగ్గరగా ఫొటోలు తీసి దాచుకుంటే, అదే అచ్చులో పోసిన తరువాతి బిళ్ల అమ్మకానికి వచ్చినప్పుడు ప్రకటనలోని ఫొటో చూసే పట్టుకోవచ్చు.